ఊగే పీఠం – ఊగని ఆధారం

శ్రీ గురుభ్యో నమః

'ఆసనం' అనే పదం వినగానే సాధకుని మనస్సులో పద్మాసనమో సిద్ధాసనమో స్ఫురిస్తుంది. దర్భలు, కృష్ణాజినం, నిర్జన ప్రదేశం, అర్ధనిమీలిత నేత్రాలు గోచరిస్తాయి. అయితే పతంజలి మహర్షి యోగసూత్రాల సాధనపాదంలో ఆసనాన్ని నిర్వచించినప్పుడు వీటిలో దేనినీ పేర్కొనలేదు. రెండే లక్షణాలు చెప్పారు. అది స్థిరంగా ఉండాలి, సుఖంగా ఉండాలి. ఆ వెంటనే ఉపాయం కూడా ఉపదేశించారు: ప్రయత్నాన్ని సడలించుట, అనంతమునందు చిత్తాన్ని నిలుపుట. అటువంటి ఆసనం సిద్ధించినవానిని శీతోష్ణాది ద్వంద్వాలు బాధించవని ఫలశ్రుతి. ఈ నిర్వచనంలో అడవి లేదు, ఆశ్రమం లేదు. అర్ధరాత్రి మూడుసార్లు లేచి పసికందుకు స్తన్యమిచ్చే తల్లి కూర్చునే పీఠానికి సైతం ఈ రెండు లక్షణాలే ప్రమాణం.

మదనపల్లె పుట్టినిల్లుగా, పుంగనూరు మెట్టినిల్లుగా, భర్త ఉద్యోగరీత్యా కుప్పం నివాసంగా గల ఒక గృహిణి ఇంట ఈ నిర్వచనానికి ఒక కుర్చీ రూపంలో వ్యాఖ్యానం లభించింది. ఆ వృత్తాంతమే ఇక్కడ ప్రస్తావ్యం.

ఆమెకు అది రెండవ గర్భం. మొదటిది ఏడవ మాసంలో నిలువలేదు. అప్పటికే ఆమె తండ్రి మురిపెంతో ఒక కొయ్య తొట్టిల చేయించి ఉన్నారు. ఆ దుఃఖదినం తరువాత దానిని పాత దుప్పటిలో చుట్టి మదనపల్లె ఇంటి అటక మీద పెట్టారు. బిడ్డ పుట్టకముందే బిడ్డ వస్తువులు కొనరాదని, ఖాళీ తొట్టిల ఊపరాదని తెలుగు ఇండ్లలో ఒక ఆచారం ఉన్నది. దానిని అతిక్రమించినందువల్లనే అనర్థం కలిగిందని బంధువులలో ఎవరో అన్నారు. తండ్రి ఆ మాటకు బదులు చెప్పలేదు. కానీ ఆ తరువాత ఆయన అటక వైపు తలెత్తి చూడటం ఎవరి కంటా పడలేదు.

అందుచేత ఈసారి తొట్టిల మాట ఎవరూ ఎత్తలేదు. ఎనిమిదవ మాసం సమీపిస్తుండగా ఆమెయే భర్తతో, "బిడ్డకేమీ కొనవద్దండీ. నాకొక కుర్చీ చాలు. కూర్చొని పాలివ్వడానికి" అన్నది. బిడ్డ పేరు మీద ఏదీ కోరుకొనే ధైర్యం లేని తల్లి తన పేరు మీద ఒక పీఠాన్ని కోరుకున్నది. భయం కూడా ఒక్కొక్కప్పుడు ఆశకు మారువేషంగా వస్తుంది.

భర్త సంతోషించాడు. మదనపల్లెలోని ఒక అంగడిలో గ్లైడర్ అనే ఆధునిక ఆసనాన్ని చూపించాడు. సాధారణమైన ఊగే కుర్చీకి పాదాల కింద విల్లువలె వంగిన రెండు చెక్కలుంటాయి. వాటి మీద కుర్చీ అంతా ముందుకూ వెనుకకూ దొర్లుతుంది. గ్లైడర్ నిర్మాణం వేరు. దాని పాదం నేల మీద కదలక నిలుస్తుంది. ఆ పాదానికి కీళ్లతో వ్రేలాడే కడ్డీల సాయంతో ఆసన భాగం మాత్రమే ముందుకు జారి వెనుకకు వస్తుంది. కదలిక దాదాపు సమతలంగా, నిశ్శబ్దంగా ఉంటుంది. పాకే బిడ్డ వేలు వంపు చెక్క కింద పడి నలిగే ప్రమాదం ఇందులో లేదు. అయితే ఆ కీళ్ల సందులలో వేలు ఇరుక్కొనే ప్రమాదం ఉన్నది గనుక అవి కప్పబడి ఉన్నాయో లేదో పరిశీలించాలి. కదలికను ఆపే తాళం ఉన్నదో లేదో కూడా చూడాలి.

ఆమె కూర్చుంది. మెత్తని దిండ్లు. వెనుకకు వాలితే కాళ్ల కింద మరొక పీట దానంతటదే పైకి లేచింది. నాలుగు ఊపులకే కనురెప్పలు బరువెక్కాయి. అంగడి యజమాని, "చూశారా అమ్మా, ఎంత సుఖమో! రాత్రంతా ఇందులోనే నిద్రపోవచ్చు" అన్నాడు. ఆ మాట వినగానే ఆమె ఉలిక్కిపడి లేచింది. బిడ్డను ఒడిలో పెట్టుకొని కుర్చీలోగాని సోఫాలోగాని నిద్రపోరాదని వైద్యురాలు ముందే హెచ్చరించి ఉన్నారు. తల్లి చేతులు సడలినప్పుడు శిశువు దిండ్ల సందులోకి జారి శ్వాస అందని స్థితి కలుగవచ్చు. బిడ్డను గట్టి సమతలం మీద, వెల్లకిల, విడిగా పరుండబెట్టుట క్షేమం. తల్లికి నిద్ర ముంచుకొస్తే ముందుగా బిడ్డను అక్కడికి చేర్చాలి.

భాగవత దశమస్కంధంలో శకటభంజన ఘట్టం స్మరణీయం. బాలకృష్ణుడు మొదటిసారి ఒత్తిగిలిన శుభవేళ యశోద ఉత్సవం చేసింది. నిద్రిస్తున్న బిడ్డను బండి నీడన పరుండబెట్టి అతిథి సత్కారాలలో నిమగ్నమైంది. బిడ్డ పాలకై ఏడ్చిన ధ్వని ఆ సందడిలో ఆమెకు వినిపించలేదు. బండి కూలింది. అక్కడ శయనించినవాడు పరమాత్మ కనుక అపాయం తప్పింది. యశోద ప్రేమలో లోపమేమీ లేదు. కానీ ప్రేమ ఉన్నంత మాత్రాన స్థాననిర్ణయంలో జాగరూకత అక్కరలేదని పురాణం చెప్పలేదు.

అంగడిలోని గ్లైడర్ మంచిదే కావచ్చు. ఆమెకు మాత్రం అందులో సుఖాంశం స్థిరాంశాన్ని మింగివేసినట్లు తోచింది. తన శరీరాన్ని మరిపించే ఆసనం ఆమెకు వద్దు, మేల్కొల్పి ఉంచే ఆసనం కావాలి. తల్లి పీఠం తామస సుఖాన్ని ఇచ్చేదైతే ప్రమాదం. సాత్త్విక సుఖంలో ఎరుక ఉంటుంది.

బిడ్డకు తగిన చోటు నిర్ణయించుకొనుటలో ఆ ఊరికి ఒక ప్రసిద్ధ పూర్వకథ కలదు. 1895వ సంవత్సరంలో మదనపల్లెలో నారాయణయ్య, సంజీవమ్మ దంపతులకు అష్టమ సంతానం కలిగింది. ప్రసవానికి పూజాగృహాన్ని వినియోగించుట ఆచారవిరుద్ధం. అయినా సంజీవమ్మ ఆ గదినే ఎంచుకున్నదని జీవితచరిత్రకారులు వ్రాశారు. అష్టమ గర్భం కనుక బాలునికి కృష్ణుని నామమే ఉంచారు. అతడే అనంతరకాలంలో జిడ్డు కృష్ణమూర్తిగా లోకవిఖ్యాతుడైనాడు. ఆచారాన్ని ఉల్లంఘించమని ఈ కథ బోధించదు. తన నిర్భయత్వం ఎక్కడ నిలుస్తుందో ఆ తల్లి గ్రహించి ఆ చోటును కోరుకున్నది. అదే ఇందులో గ్రాహ్యమైన అంశం.

ఉగాదికి దంపతులు పుంగనూరు వెళ్లారు. అత్తగారి ఇంట పంచలో ఒక పాత ఊగే కుర్చీ ఉన్నది. టేకు కర్ర, నవారు అల్లిక. మామగారు జీవించి ఉన్నంతకాలం సాయంవేళ అందులో కూర్చొని విష్ణుసహస్రనామం పఠించేవారు. కోడలి కోరిక విన్న అత్తగారు, "ఇది కొన్నది కాదు గదమ్మా. ఇంట్లో ఉన్నదే. కాబట్టి ఏ దోషమూ లేదు" అన్నారు. ముళబాగిలు ప్రాంతం నుండి కోడలిగా వచ్చిన ఆవిడ మాటలో నేటికీ కన్నడపు తీపి తగ్గలేదు. ఆచారాన్ని కాదనకుండానే అందులో దారి చూపే నేర్పు ఆవిడది.

ఆమె కూర్చొని పరీక్షించింది. వృద్ధుడు వెనుకకు వాలి విశ్రమించుటకు చేసిన కుర్చీ అది. వీపు భాగం మరీ ఏటవాలుగా ఉన్నది. పాలిచ్చే తల్లి నిటారుకు సమీపంగా కూర్చొని, బిడ్డను రొమ్ము వద్దకు తెచ్చుకోవాలి. బిడ్డ వైపు తాను వంగితే మెడ, భుజాలు, నడుము క్రమంగా నొప్పి పుడతాయి. చేతి చెక్కలు కిందికి ఉన్నందువల్ల మోచేయి గాలిలో నిలుస్తున్నది. ఆసనం లోతు ఎక్కువ. వీపు ఆనించితే పాదాలు నేలను పూర్తిగా తాకడం లేదు. పాదాలు నేల మీద, మోచేతులు ఆధారం మీద, నడుము ఆనుడు మీద నిలిచినప్పుడే భుజాలు వాటంతటవే దిగుతాయి. పతంజలి చెప్పిన ప్రయత్న శైథిల్యానికి శరీరంలో రూపం అదే.

ఇవన్నీ సరిదిద్దదగిన లోపాలే. అంతలో ఒక సంఘటన జరిగింది. ఆమె కుర్చీలోనుండి లేచి రెండడుగులు వేసింది. వెనుక చప్పుడు. తిరిగి చూస్తే ఖాళీ కుర్చీ ఊగుతున్నది. ఆమె గబుక్కున వెనుదిరిగి రెండు చేతులతో దానిని పట్టి ఆపింది. ఆపిన తరువాత కూడా చేతులు తీయలేదు. ముఖం పాలిపోయింది. భర్తకు ఏమీ బోధపడలేదు. అత్తగారికి బోధపడింది. అటక మీది తొట్టిల సంగతి ఆవిడ ఎరుగును.

ఆవిడ ఏ వేదాంతమూ చెప్పలేదు. కోడలి చేయి పట్టుకొని దొడ్డిలోకి తీసుకొని వెళ్లారు. అక్కడ ఒక పుంగనూరు ఆవు కట్టివేయబడి ఉన్నది. మూడడుగుల ఎత్తుకు అటూ ఇటూగా పెరిగే ఆ పొట్టి జాతి గోవులకు ఆ సంస్థానపు ఊరే పేరు పెట్టింది. దూడను విడువగానే అది పొదుగును కుమ్మింది. ఆవు తల తిప్పి దూడను నాకసాగింది. కొద్దిసేపటికి పాలు చేపింది. "చూడు తల్లీ" అన్నారు అత్తగారు. "కొత్తవాళ్లు వచ్చినా, కుక్క మొరిగినా ఇది ఎగచేపుతుంది. పొదుగు నిండా పాలే ఉంటాయి. చుక్క దిగదు. లేక కాదు, బెదురు. దాని వీపు నిమిరి నిలబడితే తనే వదులుతుంది. నీకు పాలు ఉంటాయి. బెదురు మాత్రం మేము తీయాలి."

'చేపు' అనే ఆ తెలుగు క్రియ గోమాతకూ మానవమాతకూ సమానంగా వర్తిస్తుంది. ఆధునిక శరీరశాస్త్రం దీనినే ఆక్సిటోసిన్ అనే హార్మోను స్రావంగా వివరిస్తుంది. బిడ్డ స్పర్శ, పీల్చుట, ఒక్కొక్కప్పుడు బిడ్డ ఏడుపు వినుట కూడా దానిని ప్రేరేపిస్తాయి. భయం, నొప్పి, ఆందోళన దానిని నిరోధిస్తాయి. అంటే తల్లి పీఠం సుఖంగా ఉండుట విలాసం కాదు. ఆమె సుఖమే శిశువుకు ఆహారంగా పరిణమిస్తుంది. పుట్టిన గంటలోపే స్తన్యం మొదలుపెట్టి తొలి 6 మాసాలు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. ఆ ఆరు మాసాల తపస్సుకు తగిన ఆసనం సమకూర్చుట కుటుంబ ధర్మం.

ఆమెను మదనపల్లెలో దిగబెట్టిన తరువాత తల్లీకొడుకులు ఆ కుర్చీని ఒక చిన్న వ్యానులో పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం తీసుకొని వెళ్లారు. అక్కడ ఎరిగిన వడ్రంగి ఆచారి ఒకాయన ఉన్నారు. మూడు రాష్ట్రాలు కలిసే ఊరు కనుక ఆయన నోట తెలుగు, తమిళం, కన్నడం కలిసి పలుకుతాయి. కుర్చీని తిరగవేసి చూసి, "కర్ర గట్టిదే పెద్దమ్మా. కొలత మాత్రం మగవాడిది. దీన్ని అమ్మ కొలతకు తెస్తాను" అన్నారు. వీపు భాగాన్ని నిటారుగా లేపారు. చేతి చెక్కల కింద రెండంగుళాల దిమ్మలు వేశారు. ఆసనం లోతు బెత్తెడు తగ్గించారు. పాదాలకు ఒక చిన్న పీట చేశారు.

అప్పుడు అత్తగారు తన అసలు కోరిక చెప్పారు. "కూర్చున్నప్పుడు ఊగాలి ఆచారీ. లేచిన తరువాత ఊగకూడదు." కొడుకు నవ్వబోయి తల్లి ముఖం చూసి ఆగిపోయాడు. ఆచారి నవ్వలేదు. కొంతసేపు ఆలోచించి, వంపు చెక్కలు నేలను తాకే నడిమి భాగంలో కొద్దిమేర చిత్రిక పట్టి సమతలం చేశారు. మనిషి కూర్చొని పాదంతో నెట్టితే కుర్చీ ఆ సమతలాన్ని దాటి ఊగుతుంది. నెట్టడం మానితే ఒకటి రెండు ఊపులలో ఆ సమతలం మీదకే వచ్చి నిలుస్తుంది. లేచేటప్పుడూ కూర్చునేటప్పుడూ కదలకుండా వెనుక దోపుటకు రెండు కొయ్య చీలికలు చేసి తాడుతో కుర్చీకే కట్టారు.

ఆ కొట్టానికి ప్రక్కనే కొలిమి ఉన్నది. మేకుల కోసం వెళ్లిన కొడుకు అక్కడ కొంతసేపు నిలిచాడు. ఎర్రగా కాలిన ఇనుము మీద సమ్మెట దెబ్బలు పడుతున్నాయి. ఇనుము వంగుతున్నది, సాగుతున్నది, రూపం మారుతున్నది. కింద దాగలి మాత్రం ఉన్నది ఉన్నట్లే ఉన్నది. వేదాంతంలో 'కూటస్థ' శబ్దానికి ఈ దాగలినే ఉపమానంగా చెబుతారు. 'కూటం' అనగా దాగలి. దెబ్బలన్నీ తన మీదనే జరుగుతున్నా వికారం పొందనిది. విద్యారణ్యస్వామి పంచదశిలో 'కూటస్థదీపం' అనే ఒక ప్రకరణమే ఈ విచారణకు కేటాయించబడింది. చిత్తవృత్తులు పుడతాయి, గిడతాయి. సుఖం వస్తుంది, భయం వస్తుంది. వాటన్నింటికీ అధిష్ఠానమైన సాక్షిచైతన్యం కదలదు. కదలని అధిష్ఠానం లేనిదే కదలిక తెలియబడదు కూడా.

కుర్చీ విషయంలో కుటుంబమంతా వెదుకుతున్నదీ అదే. గ్లైడర్ పాదంలోనైనా, ఆచారి చిత్రిక పట్టిన ఆ కొద్దిపాటి సమతలంలోనైనా ఒకే సత్యం దాగి ఉన్నది. ఊగుట దోషం కాదు. తిరిగి వచ్చి నిలిచే చోటు లేకపోవుట దోషం. తిరుమలలో మలయప్పస్వామికి దేవేరులతో కలిసి నిత్యం డోలోత్సవం జరుగుతుంది. భక్తులు ఊగే ఊయలను దర్శిస్తారు. అందులో ఆసీనుడైనవాడు మాత్రం అచలుడని వారెరుగుదురు. భయం ఆ తల్లి మనస్సులో ఊగిసలాడుట సహజం. ఒక బిడ్డను పోగొట్టుకున్న హృదయాన్ని ఊగవద్దని శాసించుట క్రూరత్వం. అది వచ్చి నిలిచే సమతలం ఒకటి ఇంటివారు సిద్ధం చేయగలరు. అత్తగారు చేసినది అదే.

నిండు మాసాలకు మదనపల్లెలో ఆమెకు ఆడబిడ్డ జన్మించింది. మొదటి రెండు రాత్రులు ఆమె భుజాలు బిగుసుకొని ఉండేవి. బిడ్డ ఏడ్చేది, పాలు సరిగా దిగేవి కావు. మూడవ రాత్రి తల్లి నడుము వెనుక ఒక చుట్ట దుప్పటి ఉంచింది. మోచేతి కింద దిండు పెట్టింది. చేతికందే దూరంలో నీళ్ల చెంబు, తుండుగుడ్డ అమర్చింది. పాలు పొంగిపోతున్నవని యశోద ఒడిలోని బిడ్డను దింపి పరుగెత్తినందుకే కదా కుండ పగిలింది! ఒకసారి కూర్చున్న తల్లి లేవనవసరం లేకుండా చూచుట ఇంటివారి పని. ఆమె పాదంతో మెల్లగా నెట్టింది. కుర్చీ ఊగింది. భుజాలు దిగాయి. కొద్దిసేపటికి బిడ్డ గుటకలు వేసే ధ్వని గదిలో వినిపించింది. ఆమె కళ్లు తుడుచుకోలేదు. రెండు చేతులూ ఖాళీగా లేవు.

ఊపు శిశువుకు కొత్త కాదు. తల్లి నడకతో తొమ్మిది మాసాలు ఊగిన తరువాతనే అది లోకానికి వస్తుంది. జపాన్ దేశపు రైకెన్ సంస్థ పరిశోధకులు 2022లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, ఏడుస్తున్న శిశువును ఎత్తుకొని 5 నిమిషాలు నడిస్తే ఏడుపు తగ్గి పలువురు శిశువులు నిద్రలోకి జారారు. అయితే నిద్రించిన వెంటనే పడుకోబెట్టక, మరొక 5 నుండి 8 నిమిషాలు ఎత్తుకొని కూర్చొని, ఆపై పరుండబెట్టుట మేలని వారు సూచించారు. మొదట కదలిక, పిమ్మట నిశ్చలత. మన అవ్వలు జోలపాట ముగిసిన తరువాత కూడా బిడ్డను కొంతసేపు ఒడిలోనే ఉంచుకొనుట ఇందుకు భిన్నం కాదు.

ఇరువదియొకటవ దినాన డోలారోహణం. ఆనాడు ఉదయం ఆమె తండ్రి ఎవరికీ చెప్పకుండా నిచ్చెన వేసుకొని అటక ఎక్కారు. తొట్టిలను దించి, దుమ్ము తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, పుష్పమాలలు కట్టారు. అందరూ నిశ్శబ్దంగా చూస్తున్నారు. ఇన్ని సంవత్సరాలు ఖాళీగా ఉన్న తొట్టిలలో నేరుగా బిడ్డను వేయుటకు ఆమెకు చేతులు రాలేదు.

అప్పుడు అత్తగారు వంటింటిలోనుండి ఒక గుండ్రాయి తెచ్చారు. కొన్ని కన్నడ కుటుంబాలలో బిడ్డకంటె ముందుగా రాతిగుండును కడిగి, అలంకరించి, శిశువువలె తొట్టిలలో పరుండబెట్టే ఆచారం ఉన్నది. దానిని గుండప్ప అంటారు. బిడ్డ రాయివలె దృఢంగా, దీర్ఘాయుష్మంతంగా ఉండాలని భావన. ఆవిడ గుండప్పను తొట్టిలలో ఉంచి మెల్లగా ఊపారు. "ఇక ఇది ఖాళీ తొట్టిల కాదు తల్లీ. పెద్దవాడు ముందుగా పడుకున్నాడు. చిన్నదాన్ని తీసుకురా" అన్నారు.

'పెద్దవాడు' అనే మాట ఎవరిని ఉద్దేశించినదో అక్కడ ఎవరూ అడగలేదు. ఆమె తండ్రి మాత్రం కండువాతో ముఖం తుడుచుకున్నారు. ఆమె కుర్చీలోనుండి లేచి బిడ్డను తెచ్చి గుండప్ప ప్రక్కన పరుండబెట్టింది. వెనుక కుర్చీ ఒక్కసారి ఊగింది, రెండవసారి ఊగబోయి తన సమతలం మీదకు వచ్చి ఆగింది. ఈసారి ఆమె వెనుదిరిగి చూడలేదు.

పసిబిడ్డ గల ఇంటికి ఏ ఆసనం ఉత్తమం అని ఎవరైనా అడిగితే దాని ఖరీదు, దాని దేశం ముఖ్యం కావు. పాదాలు నేలను తాకాలి, నడుమునకు ఆనుడు ఉండాలి, చేతులకు ఆధారం ఉండాలి, నిద్ర వస్తే బిడ్డను చేర్చుటకు సమతల శయ్య సమీపంలో ఉండాలి. వీటితోపాటు ఆ తల్లి భయాన్ని ఎరిగి, దానిని అపహసించక, అది వచ్చి నిలిచే చోటును చిత్రిక పట్టగల మనుష్యులు ఉండాలి. శిశువుకు తల్లి అంకం ఆసనం. తల్లికి కుటుంబం ఆసనం. అందరికీ ఆసనమైన ఆ కూటస్థ పరబ్రహ్మ ఎన్నడూ ఊగదు. దాని మీదనే ఈ జగత్తనే తొట్టిల ఊగుతున్నది.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.